పటమును త్రోవయు

కంటి యెదుట లేని వస్తువును మనస్సులో నిలిపి, దానిని త్రిప్పి, తలక్రిందులు చేసి, నడుమకు కోసి, లోపలి అఱలను గూడ చూడగల బుద్ధి కొందఱికి సహజముగా నుండును. కాగితముపై గీసిన నక్షాను చూచినంతనే వారికి ఇల్లు లేచి నిలుచును. ఏ కిటికీనుండి ఏ గదిలోనికి వెలుగు పడునో, మెట్లక్రింద ఎంత చోటు మిగులునో ఇటుక పేర్చకముందే వారు చెప్పగలరు. ఇట్టివారిలోనే కొందఱు తమ వీథి మలుపు దాటి రెండు సందులు తిరిగినయెడల ఇంటికి మరలివచ్చు త్రోవ యెటో తెలియక నిలిచిపోవుదురు. పదిమాఱులు పోయిన చుట్టముల ఇంటికి పదునొకండవ మాఱును అడిగియే పోవుదురు. వైద్యుని గదినుండి వెలుపలికి వచ్చి, తాము వచ్చిన వైపునకు గాక రెండవ వైపునకు నడచుదురు.

చూచువారికి ఇది నవ్వు పుట్టించును. రేఖాగణితములో తరగతికెల్ల మొదటిదిగా నుండు బాలిక బడినుండి ఒంటరిగా రాలేకపోయిన, ఇంటిలోని పెద్దలు అది శ్రద్ధలేమి యందురు. తోడి పిల్లలు వేషమందురు. పొరుగువారు పుస్తకపు తెలివి యింతే యందురు. ఆ బాలికయు కొన్నాళ్లకు తన్ను గూర్చి అట్లే తలపోయ మొదలుపెట్టును. మనస్సులో నక్షాలు నిలుపగలవాడు త్రోవ తప్పుట విరుద్ధమా? అది బుద్ధిలోపమా, గుణలోపమా, రెండును గాదా? ఈ ప్రశ్నను విచారించుట మా యుద్దేశము. ఇది చూచుటకు చిన్నదైనను, తెలియుట యననేమో మనకు కొంత బోధింపగల ప్రశ్న.

మన భాషయే ఈ విషయమున తీర్పరియై కూర్చున్నది. దిక్కనగా తూర్పు పడమరలలో నొకటి, దిక్కనగా శరణము. దిక్కులేనివాడనిన జాలి, దిక్కుమాలినవాడనిన తిట్టు. మనస్సు స్తంభించుటకు దిగ్భ్రమ యని పేరు. నడత చెడినవాడు దారి తప్పినవాడు. బాగుపడినవాడు త్రోవకు వచ్చినవాడు. ఇన్ని మాటలు చిన్ననాటినుండి చెవినబడిన వానికి, బజారులో త్రోవ తప్పుటయే ఒక నైతికమైన పొరపాటువలె తోచుట వింత కాదు. కావుననే త్రోవ తెలియనివారు ఆ సంగతిని దాచుకొందురు. అడిగిన నవ్వుదురని అడుగక, మండుటెండలో గంటసేపు తిరుగుదురు.

ముందుగా మొదటి శక్తిని చూతము. 1971లో అమెరికాలో రోజర్ షెపర్డు, జాక్వెలిన్ మెట్జ్లరు అనువారు ఒక పరీక్ష చేసిరి. పదేసి చిన్న ఘనములను వంకరగా కూర్చిన ఆకారముల చిత్రములను రెండేసి చూపి, అవి రెండును ఒకటేనా, లేక అద్దములోని ప్రతిబింబమువలె వేఱు వేఱా యని అడిగిరి. ఒక చిత్రము రెండవదానికంటె ఎంత కోణము తిరిగియున్నదో అంతకు తగినట్లు జవాబు చెప్పుటకు పట్టు కాలమును పెరిగెను. చేతిలోని బొమ్మను ఒక యీడున త్రిప్పిచూచినట్లే మనస్సు తనలోని బొమ్మను త్రిప్పుచున్నదని దీనివలన తెలియవచ్చెను. వడ్రంగి, శిల్పి, ఇంజనీరు, శస్త్రవైద్యుడు, ఱవికె కత్తిరించు దర్జీ, వీరందఱికిని ఈ శక్తి నిత్యము పనికివచ్చును. ఇందు గమనింపదగిన దొక్కటి కలదు. త్రిప్పువాడు కదలడు, బొమ్మ తిరుగును. చూచువాడు బొమ్మకు వెలుపల, దేవాలయములో దీపము చూపువానివలె, ఎదుట నిలిచియుండును. అతడు ఆ బొమ్మలో ఎక్కడను లేడు.

త్రోవ తెలియుట దీనికి సరిగా తలక్రిందులు. అక్కడ వస్తువు కదలదు, మనుష్యుడు కదలును. ఊరు అతనికి ఎదుట లేదు. అతడే ఊరిలో నున్నాడు. ఒక్కొక్క మలుపునందును అతని ముందు వెనుక యగును, కుడి యెడమ యగును. ఇన్ని మార్పులను లెక్కవేసికొని, "నేనిప్పుడు ఇక్కడ నున్నాను, ఇటు తిరిగియున్నాను" అని అనుక్షణము లోలోపల చెప్పుచుండునది వేఱొక శక్తి. అది చూపు కాదు. దేహమునకు తన్ను గూర్చి కల యెఱుక.

జర్మను తత్త్వవేత్త ఇమ్మానుయేలు కాంటు 1786లో, ఆలోచనలో దిక్కు నిర్ణయించుకొనుట యననేమి యని ఒక వ్యాసము వ్రాసి, అందు ఈ సంగతినే చీకటిగది దృష్టాంతముతో విశదపఱచెను. పరిచితమైన గదిలో చీకటియందు ఒక్క వస్తువు చేతికి తగిలిన చాలును, తక్కినవి ఎక్కడనున్నవో తెలిసికొనగలము. కాని యెవడైనను వేడుకకై కుడివైపువానిని ఎడమకును, ఎడమవైపువానిని కుడికిని మార్చెనేని, వస్తువుల నడుమ దూరములన్నియు పూర్వమువలె నున్నను మనకు దారి దొరకదు. అప్పుడు మనకు మిగులు ఆధారము మన రెండు చేతుల భేదమును గూర్చిన అనుభూతి యొక్కటియే యని అతడు చూపెను. ఎంత పూర్తియైన పటమైనను కుడి యెడమల యెఱుకగల దేహము దానితో కూడనిచో త్రోవ కానేరదు.

ఇది మన మాటలలోను దాగియున్నది. దక్షిణమనగా ఒక దిక్కు, దక్షిణహస్తమనగా కుడిచేయి. ఉదయించు సూర్యునికి ఎదురుగా నిలిచినవానికి కుడివైపుననున్నది దక్షిణము, వెనుకనున్నది పశ్చిమము. అనగా దిక్కుల పేళ్లు పెట్టినవారు ఆకాశమునుండి భూమిని చూచి పెట్టలేదు. నేలపై తూర్పుమొగముగా నిలిచిన యొక మనుష్యుని దేహమునుండి పెట్టిరి.

ఇటీవలి పరిశోధనలును ఈ భేదమునకు బలము చేకూర్చుచున్నవి. 1971లో జాన్ ఓకీఫు, తాను ఫలాని చోటికి వచ్చినప్పుడే మేల్కొను కణములు ఎలుక మెదడులో హిప్పోకాంపసు అను భాగమున నున్నవని కనుగొనెను. 1984లో జేమ్సు ర్యాంకు, ఎలుక తల ఏ వైపునకు తిరిగియున్నదో దానిని బట్టి పనిచేయు కణములను గూర్చి ప్రకటించెను. 2005లో మే-బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్ అనువారును వారి సహచరులును దూరములను కొలబద్దవలె అమర్చు మఱియొక జాతి కణములను కనుగొనిరి. ఓకీఫునకును మోసర్లిద్దఱికిని 2014లో నోబెలు బహుమానము లభించెను. చోటు ఒకటి, తల తిరిగిన వైపు ఒకటి, నడచిన దూరము ఒకటి: ఇన్ని పనివాండ్రు కలిసి పనిచేసినగాని ఒక ప్రాణికి "ఇక్కడ" అను తెలివి కలుగదు. ఇందులో నే యొక్కటి మందగించినను, బొమ్మను త్రిప్పు శక్తి చెక్కుచెదరకుండ నుండవచ్చును.

అట్టివారు కలరనుటకు సాక్ష్యము కలదు. మెదడునకు గాయము గాని, జ్ఞాపకమునకు కొఱత గాని, బుద్ధికి లోపము గాని లేక, చిన్ననాటినుండియు పరిచితమైన చోటులందే త్రోవ తప్పుచు వచ్చిన ఒక స్త్రీని గూర్చి కెనడాలోని పరిశోధకులు 2009లో ప్రకటించిరి. అటుపిమ్మట అట్టివారు మఱికొందఱు తెలియవచ్చిరి. ఇది అతికఠినమైన స్థితి. సామాన్యముగా మనము చూచునది ఇంతకు తక్కువ. సామాన్యులను గూర్చి మేరీ హెగర్టీయు ఆమె తోడివారును 2006లో ప్రకటించిన దేమనగా, చేతిలో పట్టు వస్తువులను మనస్సున త్రిప్పు నేర్పునకును, విశాలమైన ప్రదేశమును నడచి తెలిసికొను నేర్పునకును కొంత చుట్టఱికమున్నను, ఒకటి రెండవది కాదు. కావున మొదటిదానిలో ఆఱితేఱినవాడు రెండవదానిలో వెనుకబడుట విరుద్ధము కాదు. సంగీతము తెలిసినవాడు ఈతలో మునుగుట యెంత విరుద్ధమో ఇదియు నంతయే.

ఇక చీమను చూడుడు. ట్యునీషియా యెడారిలో నొక జాతి చీమ ఆహారమునకై వంకర టింకరగా ఎంతయో దూరము పోయి, దొరికినంతనే తిన్నగా పుట్టవైపునకు మరలును. 2006లో పరిశోధకులు ఆహారము దొరికిన చీమల కాళ్లకు పందివెండ్రుకలు అంటించి పొడవు చేసిరి. ఆ పొయ్యికాళ్లమీద నడచిన చీమలు పుట్టను దాటిపోయి వెదకులాడెను. కాళ్లు పొట్టిచేయబడినవి పుట్టకు ముందే ఆగిపోయెను. అవి తమ అడుగులనే లెక్కవేయుచున్నవన్నమాట. పటము గీయు బుద్ధి ఆ ప్రాణికి కలదని ఎవరును అనరు. అయినను ఇల్లు చేరును. త్రోవ తెలియుట గొప్ప తెలివికి గుఱుతని గర్వించువారును, తెలియకుండుట మందబుద్ధికి గుఱుతని సిగ్గుపడువారును ఈ చీమను తలచుకొనుట మంచిది.

కొందఱు ఇట్లాక్షేపింపవచ్చును: "మనస్సులో ఇల్లు కట్టగలవాడు ఊరినిగూడ కట్టుకొనరాదా? ఆ పటమును చూచికొని నడువరాదా?" కట్టుకొనగలడు. ఆ పటము బహుశః మనదానికంటె అందముగను ఉండును. కాని రైల్వేస్టేషనులలో తగిలించు పటములో "మీరు ఇక్కడ ఉన్నారు" అని ఎఱ్ఱచుక్క యుండును గదా. ఆ చుక్క అతని పటములో నిలువదు. నిలిచినను అది ఏ వైపునకు తిరిగియున్నదో తెలియదు. పై పెచ్చు స్పష్టమైన చూపుగలవానికి ఒక ప్రత్యేకమైన ప్రమాదము కలదు. మసకగా చూచువాడు సందేహించి అడుగును. ఇతనికో, తప్పు మలుపు తిరిగిన పిమ్మట గూడ లోపలి పటము వెలవెలబోదు. వీథులన్నియు తీర్చిదిద్దినట్లు కనబడుచునే యుండును. ఆ స్పష్టతను నమ్మి అతడు మఱింత దూరము పోవును. స్పష్టముగా తోచుట వేఱు, సత్యమగుట వేఱు అని తర్కశాస్త్రము చెప్పుదానిని ఇతడు కాలినొప్పులతో నేర్చుకొనవలసివచ్చును.

ఈ శక్తి పుట్టుకతో వచ్చునదా, అభ్యాసమున వచ్చునదా? రెండును కలవు. లండను నగరములో టాక్సీ నడపదలచినవారు చారింగు క్రాసునకు చుట్టును ఆఱు మైళ్లలోని సుమారు 25,000 వీథులను నేర్చి పరీక్ష నెగ్గవలెను. అందుకు మూడు నాలుగేండ్లు పట్టును. వారి హిప్పోకాంపసు వెనుకభాగము ఇతరులదానికంటె పెద్దదిగా నున్నదని 2000లో ఎలినార్ మగ్వైరును ఆమె సహచరులును చూపిరి. 2011లో ప్రకటింపబడిన మఱియొక పరిశోధనలో, చదివి నెగ్గినవారియందు ఆ భాగము పెరిగినట్లును, నెగ్గనివారియందు పెరుగనట్లును తేలెను. అభ్యాసము మెదడునే మార్చునన్నమాట.

అట్లయిన అభ్యాసమునకు అవకాశమెవరికి దొరకుచున్నదను ప్రశ్న వచ్చును. "ఆడువారికి దిక్కులు తెలియవు" అను మాట మన యిండ్లలో తఱచుగా వినబడును. చెప్పువారు దానిని ప్రకృతిశాసనమువలె చెప్పుదురు. పడవను నడపు ఒక యాటను లక్షలకొలది ప్రజలచేత ఆడించి, వారి త్రోవ కనుగొను నేర్పును కొలిచినవారు 2018లో ప్రకటించిన దేమనగా, స్త్రీపురుషుల నడుమ ఈ నేర్పున గల భేదము అన్ని దేశములలో ఒక్కరీతిగా లేదు; స్త్రీలకు హక్కులును అవకాశములును ఎక్కడ తక్కువయో అక్కడ భేదము ఎక్కువ. ఇందలి కారణమును వెదకుటకు మనము దూరదేశములకు పోనక్కఱలేదు. పదేండ్ల కుమారుని పెరుగునకు, మందులకు, మేనమామ ఇంటికి పంపుదుము. వాడు త్రోవ తప్పి, అడిగి, వంక దారిన వచ్చి, ఊరంతయు కాళ్లతో నేర్చును. అదే యీడు కుమార్తెను ఆటోలో కూర్చుండబెట్టి పంపి, ఆటోలోనే మరల తెచ్చుకొందుము. ఆమె ఎఱిగిన ఊరు రెండు గుమ్మములు, వాని నడుమ ఒక కిటికీ. పెండ్లియైన పిమ్మట గుమ్మములు మారును, కిటికీ మారదు. ఇరువది యేండ్లు ఇట్లు చేసి, ఇరువదియొకటవ యేట "నీకు దిక్కు తెలియదు" అని నవ్వుట న్యాయమా? పంజరములో పెంచి, ఎగురలేదని పక్షిని నిందించుట వంటిది.

వీథులలో భయమున్నది గదా యని తల్లిదండ్రులందురు. ఉన్నది; మేము కాదనము. కాని ఆ భయమునకు మందు వీథిని బాగుచేయుట, బాలికకు తోడుగా నడచి మెల్లమెల్లగా వదలుట. ఆమెను నడువకుండ చేయుట కాదు. త్రోవ యెఱుగని స్త్రీ ప్రతి ప్రయాణమునకును ఒకరి దయకై కాచికొనియుండవలెను. ఆమె వైద్యునికడకు ఎప్పుడు పోవునో, ఏ యుద్యోగము చేయునో, చెల్లెలిని ఎన్నాళ్లకొకమాఱు చూచునో నిర్ణయించునది ఆమె కాదు, తీసికొనిపోవువాడు. దిక్కు తెలియకుండ పెంచబడినది కడకు దిక్కులేనిదగును. ఆ మాటకు మన భాషలో రెండర్థములుండుట వ్యర్థము కాదు.

ఎంత నడచినను కొందఱికి ఈ శక్తి కుదురదని ముందే చెప్పితిమి. వారికి ఇప్పుడు చేతిఫోను తోడున్నది. అందలి పటము మనతోడనే తిరుగును. ఎఱ్ఱచుక్కకు మొగమును ఇచ్చును. ఇది సోమరితనమని పెద్దలు గొణుగుదురు. కంటికి అద్దములు సోమరితనమైన ఇదియు సోమరితనమే. అయితే ఆ యంత్రము ముందటి మలుపును చెప్పునుగాని ఊరిని నేర్పదు. చూపుగల బుద్ధి దానికి తోడైన మేలు. బయలుదేరకముందు పటమునంతయు ఒకమాఱు చూచి, గుడిగోపురమో, నీళ్లట్యాంకో, రైలుకట్టయో ఒక పెద్ద గుఱుతును పట్టుకొని, దానికి మన యిల్లు ఏ దిక్కుననున్నదో నిశ్చయించుకొనవలెను. మలుపు తిరిగిన వెంటనే వెనుకకు చూడవలెను; ఏలయన పోవునప్పటి వీథియు వచ్చునప్పటి వీథియు ఒకటిగా కనబడవు. మన పల్లెలలో "కొంచెము తూర్పుకు జరుగు" మని మంచముపై కూర్చున్నవానితో ననుట నేటికిని కలదు. పట్టణవాసులమైన మనము ఆ మాటను పోగొట్టుకొన్నాము. ఇల్లు కొనునప్పుడు ఈశాన్యమును అంగుళములతో కొలుచువారే, తమ కచేరికి సూర్యుడు ఏ ప్రక్కన అస్తమించునో చెప్పలేకున్నారు. పిల్లలతో దిక్కుల పేళ్లతో మాటాడుట కాసు ఖర్చులేని చదువు.

ఇంతవఱకు వీథుల సంగతి. వీథులలో కనబడిన ఈ లోపమే నీతివిషయమునను కలదని మాకు తోచుచున్నది. సంఘము ఎట్లుండవలెనో సంపూర్ణముగా మనస్సున నిలుపగలవారు మనలో చాలమంది కలరు. కులభేదము లేని ఊరు, కట్నము లేని పెండ్లి, స్త్రీపురుషులు సమానముగా కూర్చుండి మాటాడు ఇల్లు, అన్నియు వారికి కనబడును; త్రిప్పి త్రిప్పి చూపగలరు. కాని తమ కుమారుని పెండ్లిమాటలనాడు ఆ పటము చేతనుండియు త్రోవ తప్పుదురు. వారిని కపటులని మనము తొందరపడి యందుము. కొందఱు కపటులే. కాని కొందఱు నిజముగా చూచినవారే. చూచిన పటములో తాము లేరు. సంస్కరింపబడవలసిన ఊరికి ఎదుట నిలిచి దానిని త్రిప్పిరిగాని, ఆ ఊరిలో తమ గుమ్మమెక్కడనున్నదో, తమ మొగము ఏ వైపునకు తిరిగియున్నదో అడుగలేదు. ఆదర్శమెంత స్పష్టముగా నున్నను, "నేనిప్పుడు ఎక్కడ నిలిచియున్నాను" అను ప్రశ్నకు జవాబు లేనియెడల మొదటి యడుగు ఎటువేయవలెనో తెలియదు. ఆ జవాబు సభలలో దొరకదు. మన వంటయింటిలో ఎవరు కడపట భోజనము చేయుచున్నారో, మన యింట పనిచేయువారు ఏ గ్లాసుతో నీరు త్రాగుచున్నారో చూచిన దొరకును.

ఛాందోగ్యోపనిషత్తులో ఒక చిన్న కథ కలదు. గాంధారదేశస్థు నొకనిని కండ్లకు గంతకట్టి తెచ్చి నిర్జనప్రదేశమున విడిచిరి. అతడు అన్ని దిక్కులకును మొగము త్రిప్పి మొఱపెట్టెను. ఒకడు వచ్చి కట్టువిప్పి, "గాంధారము ఈ దిక్కున, ఇటు పొమ్ము" అని చెప్పెను. అతడు ఊరూర అడుగుచు పోయి గాంధారము చేరెను. గురువుగలవాడు సత్యము నెఱుగుననుటకు చెప్పిన దృష్టాంతమిది. త్రోవ తెలియక ఏడ్చిన ఆ మనుష్యుని ఆ గ్రంథము మూఢుడనలేదు; పండితుడనియు మేధావి యనియు అన్నది. అడుగుటయు, చెప్పినదానిని పట్టుకొని మరల ముందటి యూర అడుగుటయు ఆ మేధలోని భాగములే. తాను ఎక్కడనున్నదియు ఎఱుగనని ఎఱుగుటయే అతని పటములోని మొదటి చుక్క.

ఆ కథలో మఱియొకడు కలడు, కట్టు విప్పినవాడు. అతడు నవ్వలేదు. ఇంతదూరమెట్లు వచ్చితివని ప్రశ్నింపలేదు. తానే గాంధారమువఱకు వెంట నడచి అతనిని పరాధీనుని చేయనులేదు. కట్టు విప్పి, దిక్కు చూపి, నడువనిచ్చెను. మన యింట త్రోవ తెలియని బిడ్డయున్నను, భార్యయున్నను, ముదుసలి తండ్రియున్నను వారికి మనము చేయవలసినది ఇంతకంటె ఎక్కువ లేదు, తక్కువయు లేదు. రేపు బజారులో నెవరైనను మనలను నిలిపి త్రోవ అడిగినయెడల, అడిగినవాడు మనకంటె అనేక విషయములలో అధికుడై యుండవచ్చునని తలచి, తొందరపడక, వానితో ఆ మలుపువఱకు నడచి, ఇటు అని చేయి చూపుదము.